మన చెరువులు ఎందుకు ఆకుపచ్చగా మారుతున్నాయి?



ఎండలు ముదిరి, కాలువలు కట్టేసిన కొద్ది రోజులకు మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ఊరూరా వినిపించే మాట ఒకటుంది: "చెరువు పచ్చబడింది." నిన్నటిదాకా తేటగానో, కాస్త బురద రంగుగానో ఉన్న నీరు పది పదిహేను రోజుల్లో ఆకు పసరు కలిపినట్లు అవుతుంది. గాలి వాలున ఉన్న రేవులో తెట్టు కడుతుంది. బిందె ముంచితే పాచి వాసన వస్తుంది.

ఇతర ప్రాంతాల వారికి ఇది కంటికి ఇంపుగా లేని దృశ్యం మాత్రమే. మనకు అంతకంటె పెద్ద విషయం. సముద్రం దగ్గర కావడం వల్ల మన ఊళ్ళలో చాలా చోట్ల బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి, కృత్తివెన్ను మండలాల వారికి ఈ బాధను కొత్తగా చెప్పనక్కరలేదు. అందుచేత కాలువ పారుతున్నప్పుడే చెరువు నింపుకొని, కాలువలు కట్టేసిన నెలల్లో ఆ నీటినే తాగుతాం. బందరు పట్టణానికి సైతం తరకటూరు దగ్గర వేసవి నిల్వ చెరువు ఉంది. కనుక చెరువు పచ్చబడిందంటే మన బిందె పచ్చబడినట్లే.

ఎందుకిలా జరుగుతుంది? ఎండ వల్ల అని కొందరు, వానలు లేక అని కొందరు, చెరువు పాతబడి అని కొందరు అంటారు. వీటన్నిటిలోనూ కొంత నిజం ఉంది. అయితే అసలు కారణం వేరు. దాన్ని తెలుసుకుంటే నివారణ కూడా తెలుస్తుంది.

ఆ పచ్చదనం ఏమిటి?

నీటికి తనంతట తానుగా పచ్చరంగు రాదు. అందులో పెరిగే జీవుల రంగే మనకు కనిపిస్తుంది. అవి ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటి రకం నీటిపై తేలే మొక్కలు. గుర్రపు డెక్క, అంతర తామర, అజొల్లా ఈ కోవకు చెందినవి. గుర్రపు డెక్క మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికా నుండి వచ్చి, 19వ శతాబ్దం చివర బెంగాలులో కాలు మోపి, అక్కడి నుండి దేశమంతా అల్లుకుంది. ఇప్పుడు మన మురుగు కాలువలలోను, కొల్లేటిలోను అది లేని చోటు అరుదు.

రెండవ రకం దారాల వంటి నాచు. మెట్లకు, రాళ్ళకు అంటుకొని జుట్టులా పెరుగుతుంది. మూడవ రకం కంటికి విడివిడిగా కనిపించని ఏకకణ శైవలాలు. ఇవి నీరంతటా కలిసి, చెరువును పెసరకట్టులా చేస్తాయి.

నాలుగవ రకమే మనం జాగ్రత్త పడవలసింది. దాన్ని నీలి ఆకుపచ్చ నాచు అంటారు. పేరుకు నాచే గాని, నిజానికి ఇది బాక్టీరియా జాతికి చెందినది. అందుకే శాస్త్రజ్ఞులు దీనిని సయనోబాక్టీరియా అంటారు. భూమిపై అతి ప్రాచీన జీవులలో ఇవి కూడా ఉన్నాయి. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం గాలిలో ప్రాణవాయువు నిండనారంభించింది వీటి పుణ్యమే. ఈనాటికీ వీటిలో కొన్ని మనకు మేలు చేస్తున్నాయి. వరిచేలో వేసే అజొల్లా ఆకులో దాగి, గాలిలోని నత్రజనిని పైరుకు అందించేది ఈ జాతి జీవే. కాని మరికొన్ని విషాన్ని తయారు చేస్తాయి. నీటిపై ఆకుపచ్చ పెయింటు పోసినట్లు తెట్టు కనిపిస్తే అనుమానించవలసింది వీటినే.

ఏ రకమో తేల్చుకోవడానికి రెండు తేలిక పరీక్షలున్నాయి. ఒక కర్రను తెట్టులో ముంచి తీయండి. కర్రకు దారాలు వేలాడితే అది మామూలు నాచు. రంగు పూసినట్లు అంటుకుంటే నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. రెండవది, మూడు వంతుల మేరకు నీరు పట్టిన గాజు సీసాను ఒక రాత్రి కదపకుండా ఉంచండి. పచ్చదనం అడుగుకు దిగితే మామూలు శైవలాలు అనుకోవచ్చు. పైకి తేలి మూతి దగ్గర వలయం కడితే నీలి ఆకుపచ్చ నాచు అని అనుమానించాలి. దీని కణాలలో గాలి తిత్తులుంటాయి, వాటి సాయంతో అది పైకి తేలుతుంది. ఈ నీటిని ఒట్టి చేతులతో ముట్టుకోకండి. ఇవి అనుమానం తీర్చుకునే పరీక్షలే గాని, నిర్ధారణకు ప్రయోగశాల పరీక్ష తప్పదు.

ఎండ ఒక్కటే కారణమా?

నాచు పెరగడానికి నాలుగు కావాలి: వెలుగు, వెచ్చదనం, నిలకడ, ఆహారం. మొదటి రెండూ మన ప్రాంతంలో ఏడాది పొడవునా ఉన్నవే. నీటి వేడి 25 డిగ్రీలు దాటితే నీలి ఆకుపచ్చ నాచుకు మరీ అనుకూలం. మన చెరువులలో వేసవి అంతా అంతకు మించే ఉంటుంది.

మూడవది నిలకడ. బందరు కాలువలో పారే నీరు, అదే కాలువ నుండి చెరువుకు పెట్టిన నీరు ఒకటే కదా! కాలువ పచ్చబడదు, చెరువు పచ్చబడుతుంది. ఎందుకు? పారే నీటిలో నాచు కణం ఒకటి రెండయ్యేలోపే ప్రవాహం దాన్ని దిగువకు కొట్టుకుపోతుంది. పైగా కాలువ నీటిలో ఒండ్రు కలిసి ఉంటుంది కనుక వెలుగు లోపలికి దిగదు. చెరువులో పడ్డాక ఒండ్రు అడుగుకు చేరుతుంది, నీరు తేరుకుంటుంది, వెలుగు దిగుతుంది, కదలిక ఆగుతుంది. నాచుకు తీరిక చిక్కుతుంది.

నదులు పచ్చబడటానికీ కారణం ఇదే. విజయవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. వేసవిలో దాని దిగువన కృష్ణానది పారే నదిగా ఉండదు, ఇసుక తిన్నెల నడుమ మడుగులుగా మారుతుంది. మడుగు పేరుకే నది, స్వభావంలో చెరువు. నదిని పారకుండా ఆపిన చోటల్లా దానికి చెరువు జబ్బులు వస్తాయి.

అయితే వెలుగు, వెచ్చదనం, నిలకడ మూడూ ఉన్నా పచ్చబడని చెరువులున్నాయి. పక్కపక్కనే రెండు చెరువులుంటే ఒకటి తేటగా, ఒకటి పచ్చగా ఉండటం మనం చూస్తాం. ఎండ రెండింటికీ సమానమే. తేడా నాలుగవదానిలో ఉంది. అదే ఆహారం.

ఒక సరస్సును రెండుగా చీల్చిన ప్రయోగం

పైరుకు ఏ ఎరువులు కావాలో నాచుకూ అవే కావాలి. వాటిలో ముఖ్యమైనవి నత్రజని, భాస్వరం. ఈ రెండింటిలో దేన్ని అదుపు చేస్తే చెరువు బాగుపడుతుంది? 1960లలో అమెరికా, కెనడా దేశాలలో పెద్ద సరస్సులు పచ్చబడినప్పుడు దీనిపై పెద్ద వివాదమే నడిచింది. సబ్బుల పొడిలో వాడే భాస్వరమే కారణమని కొందరు, కాదు కర్బనమే కారణమని కొందరు వాదించారు.

డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1973లో దీన్ని తేల్చడానికి ఒక ప్రయోగం చేశారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో పరిశోధనల కోసమే కేటాయించిన చిన్న సరస్సులలో 226వ నంబరు సరస్సును ఎంచుకున్నారు. దానికి నడుము వంటి సన్నని చోటు ఉంది. అక్కడ అడ్డంగా ప్లాస్టిక్ తెర కట్టి సరస్సును రెండు భాగాలు చేశారు. ఒక వైపు కర్బనం, నత్రజని కలిపారు. రెండవ వైపు కర్బనం, నత్రజనితోపాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం వేసిన వైపు చిక్కని ఆకుపచ్చగా మారింది. వేయని వైపు నల్లగా, తేటగా నిలిచింది. ఆకాశం నుండి తీసిన ఆ ఛాయాచిత్రం ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. వెయ్యి వాదనలు చేయలేని పని ఆ ఒక్క తెర చేసింది.

దీని వెనుక ఉన్న సూత్రం సులువైనది. నత్రజని తక్కువైతే నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని జాతులు గాలి నుండి దాన్ని తీసుకోగలవు. అజొల్లాలో చూశాం కదా! భాస్వరాన్ని అలా గాలి నుండి పొందలేవు. అది నేల నుండో, ఎరువు నుండో, మురుగు నుండో నీటిలోకి రావలసిందే. కనుక మంచినీటి చెరువులకు చాలా వరకు తాళంచెవి భాస్వరమే. నత్రజని నిర్దోషి అని దీని అర్థం కాదు. రెండూ కలిసి వచ్చినప్పుడే నాచు మరీ విజృంభిస్తుంది.

ఎంత భాస్వరం చాలు? ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. లీటరు నీటిలో 0.1 మిల్లీగ్రాము భాస్వరం ఉంటే చాలు, ఆ చెరువు పచ్చబడటానికి సిద్ధంగా ఉన్నట్లే. పది ఎకరాల విస్తీర్ణం, రెండున్నర మీటర్ల లోతు ఉన్న చెరువులో దాదాపు 10 కోట్ల లీటర్ల నీరు పడుతుంది. అంటే ఒక్క బస్తా డి.ఎ.పి.లోని భాస్వరం ఆ చెరువు మొత్తాన్నీ ఆ స్థితికి తేగలదు. ఒక గ్రాము భాస్వరం సుమారు 100 గ్రాముల ఎండు నాచును పెంచుతుంది కనుక, ఆ బస్తా వెయ్యి కిలోల ఎండు నాచుకు సరిపడా మేత.

రైతు వేసిన ఎరువంతా చెరువుకు పోదు. చాలా భాగం మట్టిని పట్టుకొని ఉంటుంది, కొంత పైరు తీసుకుంటుంది. కాని ఈ లెక్క ఒక సంగతి చెబుతుంది: పొలానికి లెక్కలోకి రానంత స్వల్పం కూడా చెరువుకు చాలా ఎక్కువ.

మన డెల్టాలో నీరు తిరిగే దారి

ఇప్పుడు మన నీటి ప్రయాణం గమనించండి. విజయవాడ వద్ద బందరు, రైవస్, ఏలూరు కాలువలుగా చీలి, పట్టణం మధ్యగా పారి, పల్లెలకు వస్తుంది. తూర్పు గట్టు కాలువ నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు చేరుతుంది. కాలువ నుండి బోదెలోకి, బోదె నుండి వరిచేలోకి, చేను నుండి మురుగు కాలువలోకి పోతుంది. పై ఊరి మురుగు కొన్ని చోట్ల కింది ఊరి కాలువలో కలుస్తుంది. ప్రతి మలుపులోనూ నీరు ఏదో ఒకటి మోసుకుపోతుంది: వేసిన మర్నాడే వాన కురిస్తే యూరియా, పొలం గట్టు తెగితే డి.ఎ.పి. అంటిన మట్టి, పట్టణాల నుండి మరుగుదొడ్ల నీరు, పశువుల పేడ, బట్టల సబ్బు, చేపల చెరువుల నుండి తోడిపోసిన నీరు.

ఈ మోత చివరకు ఎక్కడ దిగుతుందో చూడాలంటే కొల్లేటికి వెళ్ళాలి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరులతోపాటు ఎన్నో మురుగు కాలువలు అందులో పడతాయి. విజయవాడ, ఏలూరు, గుడివాడ పట్టణాల మురుగుకూ అదే దారి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరుకు గమ్యం కూడా కొల్లేరే. అక్కడి నుండి ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి మార్గం.

పూర్వం ఈ సరస్సు వరద నీటిని నిలబెట్టి, ఒండ్రును దించి, రెల్లు, తూడు, తామరలకు ఎరువును పంచి, నీటిని తేర్చి పంపేది. 1970ల చివరి నుండి సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు లేచాయి. నీటికి దారి మూసుకుపోయింది, మేత మాత్రం పెరిగింది. కొల్లేటిని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో అయిదవ కాంటూరు లోపలి గట్లను తవ్వించారు. గట్లు తవ్వవచ్చు గాని, దశాబ్దాలుగా అడుగున చేరిన బురదలోని భాస్వరం ఒక్క ఏడాదిలో పోయేది కాదు. అడుగున ప్రాణవాయువు కరువైనప్పుడు ఆ బురద తాను దాచుకున్న భాస్వరాన్ని తిరిగి నీటిలోకి వదులుతుంది. కొత్త మురుగు రాకపోయినా పాత బాకీ ఇంకా చెల్లుతూనే ఉంటుంది.

ఇది పల్లెల సమస్య మాత్రమే కాదు. 16వ శతాబ్దంలో తవ్విన హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒకప్పుడు నగరానికి నీరిచ్చింది. నాలాల మురుగు అందులో కలిసిన తరువాత అది వేసవిలో పచ్చబడి ముక్కు మూసుకునేలా తయారైంది. ఏ నీరైనా సరే, దానికి పెట్టిన తిండినిబట్టే దాని రంగు.

పగలు ఊపిరి, రాత్రి ఉరి

చేపల చెరువుల రైతు సోదరులు ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు: "మేము కావాలనే ఎరువు వేసి నీటిని పచ్చబరుస్తాం. బొచ్చె, శీలావతి పెరిగేది ఆ ప్లవకాల మీదనే కదా!" నిజమే. చేపల చెరువులో పచ్చదనం పంటే. కాని దానికి ఒక మేర ఉండాలి.

నాచు పగలు సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకుంటూ ప్రాణవాయువును వదులుతుంది. చీకటి పడగానే అదే నాచు ప్రాణవాయువును పీల్చడం మొదలుపెడుతుంది. 30 డిగ్రీల వేడిగల నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే పట్టుకోగలదు. నాచు మితిమీరితే తెల్లవారుజాముకు ఆ కాస్తా ఖర్చవుతుంది. అప్పుడే చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో పగలు కూడా తయారీ తగ్గి, ప్రమాదం రెట్టింపవుతుంది. నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్ళితే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును కూడా తినేస్తాయి. తెల్లవారేసరికి చెరువంతా తెల్లగా తేలిన చేపలను చూసి, ఎవరో విషం కలిపారని ఇరుగుపొరుగులను అనుమానించే ముందు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

చేపల చెరువుకు ఒక సులువైన కొలత ఉంది. ఎండపొద్దున చేతిని నీటిలోకి దించండి. మోచేయి మునిగే వేళకు అరచెయ్యి కనుమరుగైతే పచ్చదనం సరిపడా ఉంది. మోచేయి మునగక ముందే కనుమరుగైతే మేత, ఎరువు ఆపవలసిన సమయం వచ్చింది.

తాగునీటి విషయంలో జాగ్రత్త

పచ్చని తెట్టు ఉన్న నీరు తాగి గొర్రెలు, పశువులు చనిపోయిన సంగతిని 1878లోనే జార్జి ఫ్రాన్సిస్ అనే ఆయన దక్షిణ ఆస్ట్రేలియా నుండి ప్రపంచానికి తెలిపాడు. 1996లో బ్రెజిల్ దేశంలోని కరువారు పట్టణంలో, మూత్రపిండాల రోగులకు రక్తశుద్ధి చేసే కేంద్రానికి నాచు విషమున్న నీరు సరఫరా అయి, 50 మందికి పైగా మరణించారు. ఆ నీరు నేరుగా రక్తంతో కలవడం వల్ల అంత ఘోరం జరిగింది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో దాదాపు 4 లక్షల మందికి పైగా ప్రజలను రెండు మూడు రోజులపాటు కుళాయి నీరు తాగవద్దని హెచ్చరించారు. ఈరీ సరస్సులో పొలాల భాస్వరంతో పెరిగిన నీలి ఆకుపచ్చ నాచే దానికి కారణం.

ఈ విషాలలో ముఖ్యమైనది మైక్రోసిస్టిన్. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తాగునీటిలో దీని ముఖ్య రకం లీటరుకు ఒక మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో సూచించింది. పచ్చని ప్రతి చెరువులోనూ విషం ఉంటుందని భయపడనక్కరలేదు. కాని ఉందో లేదో కంటితో చెప్పలేము కనుక జాగ్రత్త అవసరం. ముఖ్యంగా రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, కాచితే ఈ విషం పోదు. నీరు కాచడం కలరా, టైఫాయిడ్ క్రిములకు మందు, ఆ అలవాటు మానరాదు. కాని నాచు విషానికి అది పనిచేయదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన విషం చిక్కబడుతుంది.

రెండు, పచ్చగా ఉన్న చెరువులో తొందరపడి మైలతుత్తం పోయరాదు. విషం చాలా వరకు నాచు కణం లోపలే ఉంటుంది. కణం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు మంచి ఇసుక వడపోత దాన్ని ఆపగలదు. మైలతుత్తంతో కణాలు పగిలితే విషమంతా నీటిలో కరిగి వడపోతను దాటిపోతుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపంలో జరిగింది ఇదే. జలాశయంలో నాచును చంపడానికి మైలతుత్తం వేసిన కొద్ది రోజులకు 140 మందికి పైగా జబ్బుపడ్డారు. వారిలో అత్యధికులు పిల్లలు. వారు తాగింది ఆ జలాశయం నీరే.

మనం ఏం చేయాలి?

చెరువు పచ్చబడిన తరువాత చేయగలిగింది తక్కువ. తెట్టు ఉన్న రేవు నుండి నీరు తీసుకోరాదు. పిల్లలను, పశువులను దింపరాదు. తెట్టుకు దూరంగా, పైపొరకు దిగువ నుండి వడపోత కేంద్రానికి నీరు పెట్టాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారికి తెలిపి పరీక్ష చేయించాలి. ఆ ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకు వేరే నీరు చూసుకోవాలి.

పచ్చబడక ముందు చేయగలిగింది చాలా ఉంది.

కాలువ వదిలిన తొలి రోజుల నీటిలో ఎండాకాలమంతా పేరుకున్న చెత్త, మురుగు కొట్టుకువస్తాయి. ఆ నీటిని చెరువుకు పెట్టకుండా, తేరిన తరువాత పెట్టుకోవాలి.

తాగునీటి చెరువు గట్టున బట్టలు ఉతకడం, పశువులను కడగడం, పేడ కుప్పలు వేయడం మానాలి. వాటికి వేరే గుంట, వేరే రేవు చూపించాలి. చోటు చూపకుండా వద్దని చెబితే ఎవరూ వినరు.

పొలంలో డి.ఎ.పి.ని ఆఖరి దుక్కిలో మట్టిలో కలిసేలా వేయాలి. యూరియాను ఒకేసారి గుప్పించక దఫదఫాలుగా వేయాలి. వేసిన తరువాత కొన్ని రోజులు నీరు బయటికి వదలరాదు. భూసార పరీక్ష చేయించి, భాస్వరం చాలినంత ఉన్న నేలకు తగ్గించి వేయాలి. ఇది చెరువుకే గాక రైతు జేబుకు కూడా మేలు.

చేపల, రొయ్యల చెరువుల నీటిని పంట కాలువలోకి తోడరాదు. ముందు ఒక గుంటలో నిలిపి, తేరిన నీటినే మురుగు కాలువకు వదలాలి.

గుర్రపు డెక్కను మందుకొట్టి నీటిలోనే కుళ్ళనిస్తే అది తిన్న ఎరువంతా తిరిగి నీటికే చేరుతుంది. బయటికి లాగి, గట్టుకు దూరంగా కుప్పవేసి కంపోస్టు చేస్తే అది మోసుకున్న భాస్వరం కూడా చెరువును వీడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది పూడిక తీయడం. మన పెద్దలు ఎండాకాలంలో చెరువు మట్టిని బండ్ల మీద పొలాలకు తోలేవారు. పొలానికి సత్తువ అని తోలారు. వారికి భాస్వరం పేరు తెలియదు గాని, పొలం నుండి చెరువుకు జారిపోయిన దాన్ని తిరిగి పొలానికి చేర్చారు. బస్తా ఎరువులు వచ్చాక చాలా ఊళ్ళలో ఆ బండ్లు ఆగిపోయాయి. అప్పటి నుండి భాస్వరం ఒకే దిక్కుకు నడుస్తోంది. పొలంలో ఉంటే పంట, చెరువులో ఉంటే పాచి. వస్తువు ఒకటే, చేరిన చోటు వేరు.

బాగుపడిన సరస్సు

పచ్చబడిన నీరు మళ్ళీ తేటపడుతుందా? తేటపడిన ఉదాహరణలున్నాయి. అమెరికాలో సియాటిల్ నగరం పక్కనున్న వాషింగ్టన్ సరస్సులోకి చుట్టుపక్కల పట్టణాల మురుగు వచ్చి పడేది. 1960లలో ఆ నీటిలో ఒక మీటరు లోతు కూడా కనిపించని పరిస్థితి వచ్చింది. ఎడ్మండ్సన్ అనే ఆచార్యుడు భాస్వరమే కారణమని, మురుగును మళ్ళిస్తే సరస్సు తేరుతుందని ముందుగానే చెప్పారు. ప్రజలు ఓటు వేసి, ఖర్చు భరించి, 1963 నుండి 1968 వరకు మురుగును మొత్తంగా మళ్ళించారు. 1970ల మధ్యనాటికి మూడు మీటర్లకు పైగా లోతు కనిపించసాగింది.

ఆ సరస్సు లోతైనది, మన చెరువులు, కొల్లేరు లోతు తక్కువవి. లోతులేని నీటిలో అడుగు బురద బాకీ తీరడానికి ఎక్కువ కాలం పడుతుంది. కాని మార్గం ఒకటే: రంగును చంపడం కాదు, మేతను ఆపడం.

చివరగా ఒక్కమాట. దివిసీమ, బందరు ప్రాంతాలు కాలువలకు శివారు. పై ఊళ్ళ వారు విడిచినదే మనకు వస్తుంది. సాగునీరు రావడం లేదని శివారు రైతు అడగడం ఎంత న్యాయమో, వచ్చే నీరు ఎలా వస్తోందని అడగడం కూడా అంతే న్యాయం. ఆ ప్రశ్న వేసే ముందు మనకూ ఒక కింది ఊరు ఉందని, మన మురుగు కాలువ కూడా ఎవరో ఒకరి చెరువు పక్కగా పారుతుందని గుర్తుంచుకుందాం.

కుటుంబంలోను, సంఘాలలోను చర్చించడానికి ప్రశ్నలు

1. మన ఊరి తాగునీటి చెరువుకు నీరు ఏ కాలువ నుండి వస్తుంది? దారిలో ఏయే మురుగు దానిలో కలుస్తోంది?

2. చెరువు గట్టున జరిగే పనులలో భాస్వరాన్ని చేర్చేవి ఏవి? వాటికి వేరే చోటు ఎక్కడ చూపగలం?

3. మన చెరువులో పూడిక తీసి ఎన్నేళ్ళయింది? ఆ మట్టిని పొలాలకు చేర్చడానికి ఏమి అడ్డు వస్తోంది?

4. మన పొలాల, చేపల చెరువుల నీరు ఏ ఊరికి పోతుంది? ఆ ఊరి వారితో ఈ విషయం ఎప్పుడైనా మాట్లాడామా?